నాన్నకు 76, నాలుగు వారాల్లో బైపాస్. ఆయనకేమో తిండి సగమైంది

చిన్నకూతురు
1వ రోజు, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు.

మా నాన్నకు 76. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాల్లోనూ పూడికలు తేలాయి, స్టెంట్లతో పని కాదు, బైపాస్ చేయాల్సిందే అన్నారు. ఇంకా నాలుగు వారాలుంది. ఆపరేషన్ చేసే చేతుల మీద నాకు నమ్మకముంది. మనిషిని చూస్తేనే బెంగగా ఉంది. ఐదు నెలల కిందట 64 కిలోలు, మొన్న తూచితే 59.5. నెప్పి మొదలైన రోజే గుడ్డు మానేశారు, తర్వాత నూనె, ఆ తర్వాత ఉప్పు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఇంకోటి మానమని చెప్పి వెళ్తున్నారు. ఇప్పుడు పొద్దున అర గ్లాసు వెన్న తీసిన పాలు, మధ్యాహ్నం చప్పిడి కూరగాయలతో నాలుగు ముద్దలు, రాత్రి పండు ముక్కలు. అంతే.

సర్జన్ గారు "ఈలోపు కాస్త బలంగా తయారవ్వండి" అన్నారు. బలంగా అంటే ఏం చేయాలో అడిగేలోపు పక్క పేషెంటును పిలిచారు. అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) 3.2 అని రిపోర్టులో ఉంది. షుగర్ కొద్దిగా ఉంది, మూడు నెలల సగటు 7.1. ఏం పెట్టాలి? ఏం మానిపించాలి?

---

పాతగుండె
1వ రోజు, ఉదయం 8:15

తల్లీ, మానిపించాల్సినవి అడక్కు. ఆ జాబితా నీకు అడక్కుండానే వీధివీధంతా ఇస్తుంది.

నాకు మూడేళ్ల కిందట, 71వ ఏట, గుండె కవాటం (వాల్వు) మార్చి రెండు బైపాస్‌లు వేశారు. ఏం తినకూడదో చెప్పినవాళ్లను లెక్కపెట్టాను, పదిహేడు మంది. ఇవాళ ఎంత తిన్నావు అని అడిగింది ఒక్కరే, ఆవిడ వార్డు తుడిచే అమ్మ. ఇంటికొచ్చాక ఫ్యాంటు నడుము దగ్గర రెండు పిడికిళ్లు పట్టేది. "సన్నబడ్డావు, గుండెకు మంచిదేలే" అన్నారు మా వాళ్లు. నేనూ మురిసిపోయాను. స్నానాల గదిలో పీట మీంచి లేవలేక అరిచినప్పుడు గానీ తెలిసిరాలేదు, పోయింది కొవ్వు కాదు, తొడలు.

---

తూకంరాయి
1వ రోజు, ఉదయం 10:02

ఆసుపత్రిలో డైటీషియన్‌గా పని చేస్తాను. మీ నాన్నగారి కేసు షీటు నా ముందు లేదు కాబట్టి ఇక్కడ చెప్పేది అక్కడి బృందాన్ని మీరు ఏం అడగాలో తెలియడానికి.

ముందు లెక్క. 64 నుంచి 59.5 అంటే ఐదు నెలల్లో 7 శాతం. పెద్దగా అనిపించదు. కానీ అనుకోకుండా ఆరు నెలల్లో 5 శాతం దాటి బరువు తగ్గడం, దానికి తోడు తిండి తగ్గడం, ఈ రెండూ కలిస్తే పోషకాహార లోపం కిందే లెక్క. 2019లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చెబుతున్నాను. ఇది సన్నబడటం కాదు, జబ్బు. దానికి వైద్యం ఉంది, అదీ ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి.

రెండోది అల్బుమిన్. 3.2 చూసి "ప్రొటీన్ తక్కువ తింటున్నాడు" అనే తీర్పుకు వచ్చేస్తారు. ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నా, నీరు ఎక్కువైనా, కాలేయం అలిసినా అది పడిపోతుంది. ఒంట్లో ఉన్న అల్బుమిన్‌లో సగం మారడానికి దాదాపు 20 రోజులు పడుతుంది, అందుకని వారం రోజులు బాగా తిన్నా అంకె కదలదు. అల్బుమిన్ తక్కువున్నవారికి ఆపరేషన్‌లో ముప్పు ఎక్కువన్నది నిజమే. తిండి సరిపోతోందా లేదా అనేది మాత్రం కంచం చూసి చెప్పాలి, రిపోర్టు చూసి కాదు.

మీరు రాసిన తిండిలో రోజుకు 30 గ్రాముల ప్రొటీన్ కూడా ఉండదు. జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు. ఆయనకు 72 నుంచి 90. ఒక్క విషయం తెలిస్తే గానీ ఇంకేమీ చెప్పను: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత?

---

కొవ్వుశత్రువు
1వ రోజు, ఉదయం 11:30

కోపం తెచ్చుకోకండి గానీ, నాళాలు పూడుకుపోయింది ఎందుకు? తిని. ఇప్పుడు ఆపరేషన్ పెట్టుకుని గుడ్లు, పాలు, మాంసం పెట్టమంటారా? పూడిక తీయకుండా చెత్త పోసినట్టు ఉంది. మా మామయ్య బైపాస్ అయ్యాక చుక్క నూనె ముట్టలేదు, పదేళ్లుగా రాయిలా ఉన్నాడు.

---

తూకంరాయి
1వ రోజు, మధ్యాహ్నం 1:10

మీ మామయ్యకు అప్పుడు ఎన్నేళ్లు?

---

కొవ్వుశత్రువు
1వ రోజు, మధ్యాహ్నం 1:14

52. అయితే?

---

తూకంరాయి
1వ రోజు, మధ్యాహ్నం 1:50

అదే తేడా. 52 ఏళ్ల మనిషి కండ తరిగితే మళ్లీ పెట్టుకుంటాడు. 76లో పోయింది తిరిగి రావడానికి ఎన్నో నెలలు పడుతుంది, కొంత రాదు.

నాళంలో పూడిక పేరుకోవడానికి దశాబ్దాలు పట్టింది. కండ కరగడానికి రోజులు చాలు. 2007లో ఒక అధ్యయనం వచ్చింది. ఏ జబ్బూ లేని 12 మంది పెద్దవాళ్లను పది రోజులు మంచం మీద ఉంచారు. తిండి మామూలుగానే పెట్టారు, ప్రొటీన్ కూడా సాధారణంగా సిఫారసు చేసే మోతాదులోనే ఇచ్చారు. అయినా పది రోజుల్లో కాళ్లలోంచే దాదాపు కిలో కండ పోయింది. ఛాతీ కోయలేదు, గుండె ఆపలేదు, ఊరికే పడుకున్నారంతే.

పాత సంగతి ఇంకొకటి. 1936లో స్టడ్లీ అనే సర్జన్ కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల లెక్క తీశాడు. అంతకుముందే బరువు 20 శాతానికి మించి తగ్గినవాళ్లలో మూడోవంతు చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో చావులు 3.5 శాతం. అప్పటికి ఇప్పటికి శస్త్రచికిత్స చాలా మారింది, ముందే చిక్కిపోయి బల్ల ఎక్కినవాడు ఆలస్యంగా కోలుకోవడం మాత్రం మారలేదు.

కొవ్వు జాగ్రత్త జీవితాంతం కావాలి, నేను కాదనను. మాంసమైతే కొవ్వు లేని ముక్క, వంటనూనె మంచిది. ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత ఎనిమిది పన్నెండు వారాలు మాత్రం తిండి చాలకపోవడమే పెద్ద ముప్పు.

---

నైట్‌డ్యూటీ
2వ రోజు, రాత్రి 2:35

గుండె ఐసీయూలో నర్సును. బ్రేక్‌లో రాస్తున్నాను, పొడిపొడిగా ఉంటుంది.

కంచాలు ఎలా వెళ్లాయో అలాగే తిరిగొస్తాయి. ఎవరి తప్పూ అని కాదు. పెట్టుడు పళ్ల సెట్టు ఇంట్లో మర్చిపోయి వస్తారు. కళ్లద్దాలు సంచిలో ఉంటాయి. మూత తీయడానికి చెయ్యి లేవదు. తినబోయే వేళకే ఎక్స్‌రే మెషీన్ వస్తుంది. రేపు ఏదో పరీక్ష ఉండొచ్చని రాత్రి నుంచి పస్తు ఉంచుతారు, పొద్దున ఆ పరీక్ష రద్దవుతుంది. అలా రెండుసార్లు జరిగితే రెండు రోజుల తిండి పోయినట్టే.

ఇంట్లోవాళ్లు చేయగలిగేవి: పళ్ల సెట్టు, కళ్లద్దాలు, వినికిడి మిషను తెచ్చివ్వండి. ఇవి లేకపోతే తినలేకపోవడం ఒక్కటే కాదు, పెద్దవాళ్లకు మతి చెదరడం కూడా ఎక్కువవుతుంది. ఎక్కడున్నారో తెలియదు, రాత్రి పగలు తారుమారు. ఆ స్థితిలో తిన్నానో లేదో వాళ్లకే గుర్తుండదు. కంచంలో ఎంత మిగిలిందో రాసి మాకు చూపించండి. "కొంచెం తిన్నారు" అంటే మాకేం తెలుస్తుంది? సగమా, పావా చెప్పండి.

వెంటిలేటర్ గొట్టం రెండు రోజులు దాటి ఉంటే మింగడం దెబ్బతిని ఉండొచ్చు. నీళ్లు తాగుతుంటే దగ్గు, తాగాక గొంతు తడిగా గరగరలాడటం కనిపిస్తే మీరేమీ పెట్టొద్దు, వెంటనే పిలవండి. ప్రేమతో తాగించిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడం చూశాను.

ఇక బరువు. రెండో రోజు తూకం మూడు నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే యంత్రం మీద ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు అది. "బరువు పెరిగాడు, బాగున్నాడు" అని సంతోషపడిపోతారు. ఆ నీరు దిగాక అసలు మనిషి కనబడతాడు.

పిలుస్తున్నారు. వెళ్తా.

---

చిన్నకూతురు
2వ రోజు, ఉదయం 9:20

అందరికీ చాలా థాంక్స్. క్రియాటినిన్ 1.1. రాత్రి కూర్చుని నాన్న తిన్నదంతా రాశాను, తూకంరాయి గారు అన్నట్టు 30 కూడా లేదు, 26 వచ్చింది. రాసేదాకా ఇంత తక్కువని నాకే తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. "గుడ్డు తింటే నేను బల్ల మీదే పోతాను" అని భయం ఆయనకు. బతిమాలితే కోప్పడుతున్నారు. ఆకలి కూడా లేదు.

---

పాతగుండె
2వ రోజు, ఉదయం 9:55

భయపడ్డవాడితో వాదించకు. నువ్వు కూతురివి, నీ మాట ఆయన చెవికెక్కదు. సర్జన్ చేత చీటీ మీద రాయించు: "రోజుకు రెండు గుడ్లు" అని. మందుల చీటీలో ఉంటే మందే. నాకు మా ఆవిడ అలాగే చేసింది. తర్వాత తెలిసింది, ఆ చీటీ డాక్టరు రాసింది కాదట!

(నువ్వు అలా చేయకు. నిజంగానే రాయించు.)

---

తూకంరాయి
2వ రోజు, మధ్యాహ్నం 12:40

క్రియాటినిన్ 1.1 వరకు ఇబ్బంది కనిపించడం లేదు. కిడ్నీ పని బాగా పడిపోయి, డయాలసిస్ లేనివారికి మాత్రం ఈ మోతాదులు కుదరవు. అందుకే ముందుగా అడిగాను.

ఒక రోజుకు ఇలా ఊహించుకోండి. రెండు గుడ్లు 12 గ్రాములు. రెండు గ్లాసుల పాలు 16. పెద్ద కప్పు పెరుగు 7. చిక్కగా ఉడికిన పప్పు కప్పుడు 15. చేప గానీ కోడిమాంసం గానీ వండాక 100 గ్రాములు, సుమారు 25. మొత్తం 75. వింటే పెద్ద విందులా ఉంటుంది గానీ ఆరుసార్లుగా పంచితే ఒక్కోసారి గుప్పెడే. గుండెకు రక్తం తక్కువ అందుతున్నవాళ్లకు కడుపు నిండా తింటే నెప్పి వస్తుంది కూడా, చిన్న చిన్న వాయిదాలే మేలు. ఒక్క మాట, ఆ ఆరింటిలో రెండు మూడైనా 20, 25 గ్రాములు ఉండేలా చూడండి. వయసు మళ్లిన కండరం చిన్న మోతాదుకు పెద్దగా స్పందించదు, దానికి కాస్త గట్టిగానే తట్టాలి.

ఆకలి లేనివాళ్ల విషయంలో మోసం చేసేది పరిమాణం. గిన్నెడు పలుచని సూప్ తాగి కడుపు నిండిందంటారు, అందులో నీళ్లే. ముందు గుడ్డో చేపో తినాలి, సూప్ ఆఖర్న. వెన్న తీసిన పాలు ఆపి మామూలు పాలు ఇవ్వండి, దాంట్లో రెండు చెంచాల పాలపొడి కలపండి. అదే గ్లాసు, ప్రొటీన్ మాత్రం ఐదు గ్రాములు ఎక్కువ. అయినా చాలకపోతే పోషక పానీయాలున్నాయి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 400 కేలరీలు, 30 గ్రాముల ప్రొటీన్ వచ్చేలా, నెలకు తక్కువ కాకుండా ఇవ్వాలి. రెండు రోజులు ఇచ్చి "పని చేయలేదు" అనకండి. షుగర్ ఉంది కాబట్టి ఏ రకమో అక్కడే అడగండి.

అన్నీ రేపే మొదలుపెట్టొద్దు. వారాల తరబడి దాదాపు ఏమీ తినని ఒంట్లోకి ఒక్కసారిగా తిండి గుమ్మరిస్తే ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది. మీ నాన్నగారు అంత దూరం వెళ్లలేదనే అనుకుంటున్నా. అయినా వారం రోజుల మీద పెంచండి, రక్తపరీక్ష ఒకసారి చేయమనండి. రక్తహీనత ఉందేమో కూడా అప్పుడే చూడమనండి, ఆపరేషన్ ముందు సరిచేసుకోవాల్సిన వాటిలో అదొకటి.

---

ఉత్తఆకు
2వ రోజు, మధ్యాహ్నం 3:05

మాంసం, గుడ్డు ఏదీ ముట్టనివాళ్ల సంగతేంటండీ?

---

తూకంరాయి
2వ రోజు, మధ్యాహ్నం 3:30

అవుతుంది, కాకపోతే పరిమాణం పెరుగుతుంది. పాలు, పెరుగు, పాలపొడి, సోయా, పప్పులు, గింజలు. పప్పు ఒక్కటే పెట్టుకుని 75 చేరాలంటే కడుపు ఒప్పుకోదు, పాల పదార్థాలు కూడా లేకపోతే పానీయమో పొడో తప్పదు.

---

మెట్లెక్కుదాం
2వ రోజు, సాయంత్రం 6:45

ఫిజియోను. ఇప్పటిదాకా అంతా నోటి గురించే మాట్లాడారు. తిన్నది కండగా మారాలంటే ఆ కండకు పని ఉండాలి. లేకపోతే తిన్న ప్రొటీన్‌లో చాలా భాగం కండకు చేరదు.

చిన్నకూతురు గారూ, రెండు కొలతలు తీయండి. గదిలో ఐదు మీటర్లు గీత గీసి మామూలు నడకతో నడవమనండి, సెకన్లు చూడండి. 2010లో గుండె ఆపరేషన్‌కు వచ్చిన 70 దాటిన 131 మందిని ఇలాగే నడిపించారు. ఐదు మీటర్లకు ఆరు సెకన్లు, అంతకు మించి పట్టినవాళ్లకు మరణం, పెద్ద సమస్యలు ఎదురయ్యే ముప్పు మూడు రెట్లు ఉంది. రెండో కొలత, చేతులు ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం. 15 సెకన్లు దాటితే కాళ్లు బలహీనమే.

సర్జన్ అనుమతి లేకుండా వ్యాయామం మొదలుపెట్టకండి. ఎడమ ప్రధాన నాళంలో పూడిక, కవాటం బాగా ఇరుకవ్వడం, కూర్చున్నా నెప్పి రావడం లాంటివి ఉంటే ఇప్పుడు ఒత్తిడి పెట్టకూడదు. అనుమతి ఇస్తే భోజనమైన గంట తర్వాత కుర్చీ నుంచి లేవడం, పూటకు ఐదారుసార్లు. గుండెలో ఏ కాస్త పట్టేసినట్టున్నా ఆపేయాలి. దాంతోపాటు ఊపిరి పీల్చే సాధన. ఊపిరితిత్తులు సిద్ధంగా ఉంటే ఆపరేషన్ తర్వాత న్యుమోనియా భయం తగ్గుతుంది.

---

చిన్నకూతురు
4వ రోజు, రాత్రి 8:10

ఐదు మీటర్లకు 7 సెకన్లు. కుర్చీ 17. చూసి నాన్నే గమ్మునైపోయారు, తర్వాత "మళ్లీ లెక్కపెట్టు, గడియారం తప్పు" అన్నారు. మళ్లీ 17. రాత్రి గుడ్డు అడక్కుండానే తిన్నారు. చీటీ కూడా రాయించాను, ఆ పని గడియారమే చేసేసింది.

కుర్చీ వరకు అనుమతి ఇచ్చారు.

---

నిర్వాహకుడు
5వ రోజు, ఉదయం 6:00

"21 రోజుల్లో పూడికలు కరిగించే పొడి" అమ్మకం పోస్టులు రెండు తొలగించాను. మూడోసారి వేస్తే ఖాతా ఉండదు.

---

సగంచెంచా
6వ రోజు, మధ్యాహ్నం 2:20

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా అత్తగారికి 79లో కవాటం మార్చారు, లోహపుది. నేను చేసిన తప్పులు రెండు చెప్తాను, ఇంకెవరూ చేయకుండా.

ఒకటి. రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ ఇచ్చి "ఆకుకూరలు జాగ్రత్త" అన్నారు. జాగ్రత్త అంటే మానేయడమనుకున్నా. మొత్తం మానిపించాను. ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) ఆకాశానికి పోయింది, చిగుళ్ల నుంచి రక్తం. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది మందుకు ఎదురు. మానొద్దు, ప్రతి వారం ఒకే అంత తినాలి, దానికి తగ్గట్టు మందు వాళ్లు సరిచేస్తారు. ఆవిడ అసలే తిండి తగ్గించేశారు కాబట్టి ఇంకా పెరిగిందట. పోషక పానీయాల్లో కూడా విటమిన్ కె ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మొదలుపెట్టినా ఆపినా ఐఎన్ఆర్ చూసేవాళ్లకు చెప్పాలి.

రెండోది తల్చుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. చప్పిడి తినలేకపోతున్నారని "తక్కువ సోడియం ఉప్పు" తెచ్చాను. డబ్బా మీద గుండె బొమ్మ కూడా ఉంది. దాంట్లో సోడియం బదులు పొటాషియం. ఆవిడ వాడే మందులేమో పొటాషియాన్ని ఒంట్లో నిలిపేవి. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందని మామూలు రక్తపరీక్షలో బయటపడింది, రెండు రోజులు మళ్లీ ఆసుపత్రి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది హెచ్చరిక. కళ్లద్దాలు నాకే కావాలి.

---

కొవ్వుశత్రువు
6వ రోజు, మధ్యాహ్నం 3:00

ఉప్పు విషయంలోనైనా నా మాట ఒప్పుకుంటారా? గుండెజబ్బుకు చప్పిడే కదా మందు.

---

తూకంరాయి
6వ రోజు, సాయంత్రం 5:25

సగం ఒప్పుకుంటాను. ఒంట్లో నీరు నిలుస్తున్నప్పుడు పైన చల్లుకునే ఉప్పు, నిల్వ చేసిన పదార్థాలు తగ్గించాలి. ఎంత చప్పిడి అనేదే ప్రశ్న. 2022లో గుండె వైఫల్యం ఉన్న 806 మంది మీద ఆరు దేశాల్లో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సోడియం రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపు ఉంచాలని సగం మందికి చెప్పారు. ఏడాదికి చూస్తే మరణాలు, గుండె కోసం ఆసుపత్రి పాలవడం వీళ్లలో తగ్గలేదు. వాళ్లు ఆపరేషన్ రోగులు కాదు, అది గుర్తుంచుకోవాలి. అయినా ఉప్పు లేక కంచం తోసేసే 76 ఏళ్ల మనిషికి చిటికెడు ఉప్పు వేసి తినిపించడమే నేను చేస్తాను. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి కూడా కొంత లోటు తీరుస్తాయి.

---

కొవ్వుశత్రువు
6వ రోజు, సాయంత్రం 5:40

మామయ్యకు చెప్తే నన్ను ఇంట్లోకి రానివ్వడు.

---

చిన్నకూతురు
26వ రోజు, రాత్రి 9:15

రేపు కాక ఎల్లుండి ఆపరేషన్. బరువు 60.4. పెరిగింది కిలో కూడా కాదు, కుర్చీ మాత్రం 14 సెకన్లకు వచ్చింది. ప్రొటీన్ సగటున 68, ఏ రోజూ 75 దాటలేదు, దాచను. ముందు రోజు రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టొద్దని ఒకరు, పర్లేదని ఒకరు అంటున్నారు.

---

తూకంరాయి
26వ రోజు, రాత్రి 9:50

68 చిన్న సంగతి కాదు, 26 నుంచి వచ్చారు. ఇప్పటి మార్గదర్శకాల్లో గట్టి ఆహారం ఆరు గంటల ముందు వరకు, పాలు కలపని తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకు తీసుకోవచ్చు. అయితే షుగర్ వల్ల కడుపు ఖాళీ కావడం నెమ్మదించినవారికి ఇది మారుతుంది. మత్తు డాక్టరు చెప్పేదే చివరి మాట, ఆయన్ను గంటలతో సహా అడగండి. "రాత్రి నుంచి ఏమీ వద్దు" అని అలవాటుగా అంటుంటారు.

---

చిన్నకూతురు
37వ రోజు, ఉదయం 5:30

నిద్ర రాక రాస్తున్నా. ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు గుండె లయ తప్పింది, మందుతో మళ్లీ దారిలో పడింది. రెండో రోజు తూకం 64! నైట్‌డ్యూటీ గారి మాట గుర్తొచ్చి సంతోషపడలేదు. ఏడో రోజు ఇంటికి పంపారు, 61.7తో. ఇవాళ 60.1.

తిండి మళ్లీ మొదటికొచ్చింది. ఏం పెట్టినా ఇనుము నాకినట్టుంది అంటున్నారు. నాలుగు ముద్దలకే చాలంటారు. విరేచనం ఐదు రోజులుగా లేదు. సాయంత్రమయ్యేసరికి ఊరికే కన్నీళ్లు. మేమేం తప్పు చేస్తున్నాం?

---

నైట్‌డ్యూటీ
37వ రోజు, ఉదయం 6:20

తప్పేం లేదు. లయ తప్పడం దాదాపు మూడోవంతు మందికి జరుగుతుంది, ఎక్కువగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. నోరు అలా ఉండటం కూడా మామూలే, కొన్ని వారాలు పట్టొచ్చు.

ముందు విరేచనం చూడండి. నెప్పి మందులు పేగును నిద్రపుచ్చుతాయి, ఐరన్ మాత్రలు ఉంటే ఇంకా. కడుపు కదలకుండా ఆకలి ఎలా వస్తుంది? ఇవాళే ఫోన్ చేసి మందు అడగండి, ముక్కనివ్వొద్దు. వేడి వేడి వాసన పడకపోతే చల్లగా ఇవ్వండి: చల్లటి పెరుగు, పాలు, ఉడికించి చల్లార్చిన గుడ్డు. లోహపు చెంచా మార్చి చూడండి.

ఏడుపు సంగతి డాక్టరుకు చెప్పండి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అది కుంగుబాటు, దానికీ మందుంది. "మగాడు ఏడవకూడదు" అనేవాళ్లను గది బయట కూర్చోబెట్టండి.

రోజూ పొద్దున ఒకే వేళకు తూచండి. బరువు దిగడం ఇప్పుడు నీరు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, పడుకుంటే ఆయాసం వస్తే, గాయం ఎర్రబడి కారితే, ఛాతీ ఎముక టక్కుమంటే అదే రోజు ఆసుపత్రికి.

---

మెట్లెక్కుదాం
37వ రోజు, ఉదయం 8:00

ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. లేచేటప్పుడు చేతులతో నెట్టనివ్వకండి, మోచేతులు పక్కలకు ఆనించి కాళ్లతో లేవాలి. దగ్గేటప్పుడు దిండు హత్తుకోవాలి. ఆపరేషన్‌కు ముందు చేసిన కుర్చీ సాధన ఇప్పుడు అక్కరకొస్తుంది చూడండి. నడక పూటకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, భోజనానికి ముందు కాకుండా పూటల మధ్య పెట్టండి. అలిసిపోయి కంచం ముందు కూర్చుంటే తినలేరు.

---

పాతగుండె
37వ రోజు, ఉదయం 9:10

తల్లీ, పెద్దాయనకు ఒక్కరే కూర్చుని తినడం పెట్టకు. నాకు విడిగా మంచం దగ్గరికి పట్టుకొచ్చేవారు, మిగిలినవాళ్లంతా అవతల గదిలో నవ్వుకుంటూ తినేవారు. మందు మింగినట్టు మింగేవాడిని. ఒకరోజు గోడ పట్టుకుని వాళ్ల మధ్యకు వెళ్లి కూర్చున్నా. ఆ పూట రెండింతలు తిన్నా.

---

చిన్నకూతురు
79వ రోజు, సాయంత్రం 7:30

ఆపరేషన్ అయి ఏడు వారాలు. రెండో వారానికి బరువు 58.3కి పడిపోయింది, ఆపరేషన్ ముందుకంటే రెండు కిలోలు తక్కువ. ఏడ్చాను నేనే. ఇప్పుడు 59.6, పాదాల్లో వాపు లేదు. ఐదు మీటర్లకు 5.6 సెకన్లు. కుర్చీ మళ్లీ 14. కార్డియాక్ రీహాబ్ (గుండె రోగులకు దగ్గరుండి చేయించే వ్యాయామ శిక్షణ) పోయిన వారం మొదలైంది.

విరేచనం కదిలిన రెండో రోజుకే ఆకలి వేసింది, నైట్‌డ్యూటీ గారూ. బాబాయ్ గారూ, నాన్న అందరితో కలిసే తింటున్నారు. నా కంచంలో ప్రొటీన్ ఎంతుందో ఆయనే లెక్కపెట్టి తక్కువైందని తిడుతున్నారు.

---

పాతగుండె
79వ రోజు, సాయంత్రం 7:42

ఫ్యాంటు నడుము దగ్గర ఎన్ని పిడికిళ్లు?

---

చిన్నకూతురు
79వ రోజు, సాయంత్రం 7:50

ఒకటి. బెల్టుకు కొత్త చిల్లు పెట్టించనన్నారు.

---

కిటికీపక్క
81వ రోజు, ఉదయం 10:15

మొత్తం చదివాను. మా అమ్మకు 72, డయాలసిస్ మీద ఉంది, కవాటం ఆపరేషన్ అంటున్నారు. ఈ 1.2, 1.5 లెక్క మాకూ పనికొస్తుందా?

---

తూకంరాయి
81వ రోజు, ఉదయం 11:05

డయాలసిస్‌లో ప్రొటీన్ పోతూ ఉంటుంది కాబట్టి అవసరం తగ్గదు. కానీ పాలు, పప్పులు, గింజలతో పాటు వచ్చే పొటాషియం, ఫాస్ఫరస్, రోజుకు తాగాల్సిన నీళ్లు, ఇవన్నీ వేరే లెక్క. పైన రాసిన కంచం మీకు సరిపోదు. వేరే చర్చ తెరిచి, డయాలసిస్ తర్వాతి బరువు, పొటాషియం, ఫాస్ఫరస్, వారానికి ఎన్నిసార్లు అన్నది రాయండి. అక్కడికి వస్తాను.